మెడ మీద ఆగిన వేళ్ళు

రెండువేల ఐదు ప్రాంతంలో ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు. గడ్డం కింద చర్మం వదులై వేలాడుతుండేది. బల్లకు ఎదురుగా ఉన్న అద్దాల గోడలో రోజంతా నా మెడే నాకు కనిపించేది. చివరికి ఆ చర్మం బిగుతు చేసే ఆపరేషన్ గురించి జయనగర్‌లో ఒక క్లినిక్‌లో అడిగి వచ్చాను. వాళ్ళిచ్చిన కాగితంలో పెదవి ఒక పక్కకు జారవచ్చని, చెవి కింద స్పర్శ పోవచ్చని రాసి ఉంది. బస్సులో దాన్ని రెండుసార్లు చదివాను.

"నీ మెడకేమొచ్చిందిమే? బాగానే ఉండాది కదా. ఊరికే కోయించుకుంటావా?" అన్నాడు మా ఆయన.

రెండు నెలలు ఊగిసలాడాను. ఆఫీసు వార్షికోత్సవం ఫోటోల్లో నన్ను నేను చూసుకున్నాక, చేయించుకోవాలనే తేల్చుకున్నాను.

మళ్ళీ ఆ క్లినిక్‌కు వెళ్ళాను. ఈసారి అక్కడి డాక్టరు కోయాల్సిన చోట ఊదారంగు పెన్నుతో మెడ మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. కుడివైపు రాగానే ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"మింగండమ్మా," అన్నాడు. మింగాను. "ఇంకోసారి."

నర్సు ఆయన మొహంలోకి చూసింది.

"ఇది ఎన్ని దినాల నుంచి ఉండాది?"

"ఏది?"

ఆయన నా వేలు పట్టుకుని అక్కడ ఆనించాడు. లోపల శనగగింజంత ఏదో గట్టిగా తగిలింది. ఏడాదిగా ఆ మెడను చూస్తూనే ఉన్నాను గానీ ఒక్కసారీ తడిమి చూడలేదు.

"నేనిప్పుడు దీన్ని ముట్టను. ముందు పెద్దాసుపత్రిలో చూపించుకోండి," అని పెన్ను మూత పెట్టేశాడు.

అక్కడ సూదితో పరీక్ష చేశారు. వారం రోజులకు ఫలితం వచ్చింది. అది థైరాయిడ్ క్యాన్సర్.

ఆపరేషన్‌కు ముందురోజు అక్కడి సర్జన్‌ను అడిగాను: "ఎట్లాగూ కోస్తారు కదా, ఆ వదులు చర్మం కూడా తీసేయడానికి అయితుందా?"

ఆయన నవ్వలేదు. "అది మా పని కాదమ్మా," అన్నాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

గ్రంథి మొత్తం తీసేశారు. చర్మం అట్లాగే ఉంది, దాని కింద అడ్డంగా ఒక గాటు. గొంతు బొంగురుపోయి, ఫోన్లో అందరూ నన్ను సార్ అనేవారు. ఇప్పటికీ పరీక్షలకు పోతుంటాను. రిపోర్టు మా ఆయనే విప్పుతాడు. చదివేంతసేపూ ఆయన మొహం వైపు చూడను.