బొమ్మ కింది మాట

హెంక్ మహా మొండిఘటం. ఇరవై ఆరేళ్ల వయసులో బొమ్మల కట్ట చంకన పెట్టుకుని హాలండ్ నుంచి టొరంటో వచ్చినప్పుడు పత్రికలవాళ్లంతా ఒకటే మాట అన్నారు: "మాటలు మనిషి నోటి పక్కన బుడగలో పెట్టు, వేసుకుంటాం." "మా దేశంలో బొమ్మ కిందే రాస్తారు" అని కట్ట సర్దుకుని లేచొచ్చాడు. ఎవరికి నష్టం? ఆయనకే! టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరి, రిటైరయ్యేదాకా మరలు బిగించాడు.

బొమ్మలు మాత్రం మానలేదు. ఇక్కడి డచ్చివాళ్ల వారపత్రికకు నలభై ఒక్కేళ్లుగా ఒక పడవ సరంగు కథ వేస్తున్నాడు. సరంగు భార్య బొమ్మలో ఒక్కసారీ కనబడదు. కింద ఆమె మాటలు మాత్రం ఉంటాయి, అన్నీ దెప్పుళ్లే. అవి రాసేది హెంక్ భార్య గ్రీత్. మార్చిలో ఆవిడ పోయింది. ముందే రాసిపెట్టిన పదకొండు వారాల మాటలూ జూన్‌తో అయిపోయాయి.

పన్నెండో వారం బొమ్మలో సరంగు బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. కింద ఖాళీ.

"సరంగు భార్య కూడా పోయిందని రాసి ముగించేద్దాం" అన్నాడు ఎడిటర్ ఫోన్లో.

హెంక్‌కి ఒళ్లు మండింది. గ్రీత్‌ను రెండోసారి సాగనంపడం తన వల్ల కాదు. శుక్రవారం దాకా గడువడిగాడు గానీ, ఈ బొమ్మల కింద ఒక్క మాటైనా రాసి ఎరగడాయన.

బేస్‌మెంట్‌లో అద్దెకుండే వరంగల్ అమ్మాయి మధుమిత, వేర్‌హౌస్ షిఫ్టు నుంచి వస్తూ ఆ బొమ్మ చూసింది.

"ఈయన భార్య ఏది అంకుల్?"

"తలుపు అవతల ఉంది. నువ్వైతే ఏమంటావు?"

"ఏముంది, తిన్నవా అంటా. మా ఇండ్లల్ల ఎవరు కనపడ్డా ముందు అదే అడుగుతం."

హెంక్‌కి నవ్వొచ్చింది. ఆయన దేశంవాళ్లు చుట్టానికి కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసే రకం. గ్రీత్ కూడా ఎన్నడూ ఆ మాట అడగలేదు. ఆరు కొట్టగానే కంచం ముందుంటే ఇంక అడిగేదేముంది?

ఆ సాయంత్రమే బొమ్మ కింద తన చేత్తో రాశాడు: "తిన్నావా?"

మర్నాడు ఎడిటర్ ఫోన్ చేశాడు. "బాగుందండీ. మరి వచ్చేవారం?"

"సరంగు జవాబు చెప్పాలిగా."

"ఏమని?"

హెంక్ కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు.

"లేదని. నువ్వు వెళ్లినప్పటినుంచీ కడుపు నిండా తిననేలేదని."