ఓటిలీ మెట్టతామర

మా పక్కింటి ఓటిలీ కుదురుగా కూర్చోగా ఈ బవేరియా పల్లెలో ఎవరూ చూడలేదు. కేకు పొంగుతుండగానే పొయ్యి తలుపు తెరిచి చూసేది, కేకు కుంగిపోయేది. బట్టలు కుట్టి బతికిన మనిషి, బాగా కుదిరిన అంచును కూడా విప్పి మళ్లీ కుట్టేది. పెళ్లిలో పాదిరిగారు అడగకముందే "సమ్మతమే" అనేసిందని నేను ఊరంతా చెబుతుంటాను. అబద్ధమంటుంది. సగమే అబద్ధం.

కిందటి శరత్కాలంలో ఆమె అక్క హెడ్విగ్ పోయింది. అక్క పెరట్లోని ఎర్ర మెట్టతామర దుంపల్ని ఓటిలీ తవ్వి తెచ్చి, చలికాలంలో గడ్డకట్టిపోకుండా నేలమాళిగలో ఇసుకపెట్టెలో దాచింది. ఎండిపోతాయేమోనని రోజూ దిగి నీళ్లు చల్లింది. వసంతానికి ఒక్కటి తప్ప అన్నీ కుళ్లిపోయాయి. ఆ ఒక్కదాన్నీ కుండీలో పెట్టి వంటింటి కిటికీలో ఉంచితే ఆకులేసింది. అదీ పోతే అక్క తోటలోది ఇక ఏమీ మిగలదు.

మే నెల నడిమిన వచ్చే మంచు పునీతుల పండుగలు దాటేదాకా, రాత్రి మంచుకు మాడిపోతుందని, మా దగ్గర ఎవరూ లేతమొక్కను బయట నాటరు. ఆ పునీతుల్లో ఆఖరిది సోఫీ. సోఫీ పండుగ మర్నాడు పొద్దున్నే ఓటిలీ పార పట్టుకుని పెరట్లో ఉంది.

"ఆగు ఓటిలీ," అన్నాను కంచె మీంచి. "పూర్వం పోపుగారు క్యాలెండర్లో పది రోజులు కొట్టేశారు. పండుగలు ముందుకు జరిగాయి గానీ, చలికి ఆ ఉత్తర్వు అందలేదు. అసలు మంచు ఇంకా రావాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"మఠం బడిలో సిస్టర్లు."

"నీ బావిలో చేప క్రిస్మస్ పాట పాడిందని చెప్పింది కూడా ఆ సిస్టర్లేనా? పోవయ్యా అలోయిస్!"

నాటేసింది.

వారం దాటాక ఒక సాయంత్రం గాలి పడిపోయింది, ఆకాశం గాజులా తేటపడింది; మంచు పడే రాత్రికి అదే గుర్తు. ఓటిలీ కంచె దగ్గరికొచ్చింది.

"ఆ పోపుగారి సంగతి... నిజమేనా?"

"నిజమే."

"ఒట్టు?"

"ఒట్టు. దుప్పటి కప్పు."

తన ఈకల బొంతే తెచ్చి కప్పింది. కానీ తెల్లవారకముందే మొక్కకు ఊపిరాడుతోందో లేదోనని బొంత ఎత్తి చూసి, మళ్లీ కప్పకుండా వదిలేసింది. చలి ముదిరేది సరిగ్గా ఆ వేళకే. పొద్దెక్కేసరికి ఆకులు ఉడికించిన పాలకూరలా నల్లగా వాలిపోయాయి.

"తవ్వి చూస్తాను. దుంప బతికుందో లేదో తెలియాలి."

"తవ్వితే ఆ ఉన్న ప్రాణమూ పోతుంది."

పారను కంచె మీంచి నా చేతికిచ్చింది. "నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు."

మధ్యాహ్నానికే అడిగింది. పందికొక్కు ఎత్తుకుపోయిందన్నాను. మర్నాడు, పాదిరిగారు అరువు తీసుకున్నారన్నాను. ఆ తర్వాత నోటికేది వస్తే అది. ఆమె తిట్టేది, పాదు చుట్టూ తిరిగేది, చేతులు ఆప్రాన్ జేబుల్లో కుక్కుకునేది.

జూన్‌లో ఒక పొద్దున కేక వినిపించింది. వెళ్లి చూస్తే నల్లమట్టిలోంచి చుట్టచుట్టుకున్న ఎర్రటి మొలక.

"బతికిందయ్యా! మా అక్కది బతికింది!"

సాయంత్రానికి దర్జీ టేపుతో మళ్లీ కంచె దగ్గర నిలబడింది.

"పొద్దుటికీ ఇప్పటికీ వెంట్రుకంతైనా పెరగలేదు అలోయిస్. ఏమైందంటావు?"