గుండంలో మునిగినా నిలిచే ఇంకు

టీషర్టుల మీద శివుని బొమ్మ అచ్చు వేసే ప్రింటర్ కొందామని ఈ రోజు చెల్లెతో కరీంనగర్ వెళ్లాను. ఆమెకు అంగీల మొదటి ఆర్డర్ వచ్చింది. భక్తులు సోమవారం వేములవాడ గుడి కోనేరైన గుండంలో ఆ అంగీలతోనే మునుగుతారు. రంగు కారితే మళ్లీ ఎవరూ అడగరు. ఒక దుకాణంలో డై ఇంకు మంచిదన్నారు, ఇంకోచోట పిగ్మెంట్ అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. ఒక్కో ఇంకుతో అచ్చు వేసిన రెండు నమూనా గుడ్డలూ ఇంటికి తెచ్చి, దేవుని ముందు ఉంచి దండం పెట్టుకున్నాను. చెల్లె వాటిని తీసుకుపోయి బకెట్లో నానబెట్టింది. ఒకటి కారింది.

“ఎడమ దిక్కుకెల్లి తీసింది మంచిగున్నదక్కా. గది డై ఇంకుదే గదా?”

“డై ఇంకుది దేవుని ఎడమకు పెట్టిన. నువ్వు ఎవరి ఎడమకెల్లి తీసినవ్?”

“జర నన్ను పరేషాన్ చెయ్యకక్కా!”

స్వామికి తెలుసు, చెప్పడు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.