మా లంక కట్టుబాట్ల పుస్తకం

బడిలో పిల్లలకు దేశ రాజ్యాంగం చెప్పేవాణ్ణి. కానీ చుట్టూ కొల్లేరు నీళ్ళున్న మా లంకను నడిపేది కట్టుబాట్ల పుస్తకం. పాతది వానకు తడిసిపోతే, నా దస్తూరి బాగుంటుందని కొత్తది నాచేత రాయించారు.

రాస్తుంటే ఒకచోట చెయ్యి ఆగింది. వెలి వేసిన ఇంటివాళ్ళను ఎవరూ పడవ ఎక్కించుకోకూడదని ఉందక్కడ. "ఎన్నాళ్ళో లేదేంటండీ?" అని ఊరి పెద్దను అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు రాసెయ్యండి మాస్టారూ," అన్నారాయన. రాసేశాను.

పోయిన వర్షాకాలం మా పక్కింటాయన చేపల చెరువు తగాదాలో పెద్దల తీర్పు కాదని పోలీసు స్టేషన్‌కు వెళ్ళాడు. ఆ ఇంటిని వెలి వేసి, వాళ్ళ పడవ కూడా లాగేసుకున్నారు. వారం తిరక్కుండానే వాళ్ళమ్మకు ఆయాసం వచ్చింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఆవిడను రేవుకు మోసుకొచ్చాడు. నేను అప్పటికే పడవలో కూర్చుని ఉన్నాను.

"మాస్టారండీ, మీరన్నా చెప్పండి," అన్నాడు.

పడవ నడిపేవాడు నావైపు చూశాడు. ఇన్నేళ్ళు హక్కుల పాఠం చెప్పిన పెద్దమనిషినైన నేను నీళ్ళవైపు చూశాను. పడవ కదిలింది.

ఆవిడ ఆ రేవులోనే పోయింది. పుస్తకం తెరిచినవాళ్ళు నా దస్తూరిని ఇప్పటికీ మెచ్చుకుంటారు.