తునికాకు కత్తెర

దగ్గరికి జరగండి బిడ్డలారా, నోట్లో ముద్ద మింగి వినండి.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులు. నిజామాబాద్ నుంచి బస్సులో వస్తున్నాను. నా ఒళ్లో బీడీల చాట చూసి, పక్కన కూర్చున్న ఒకామె మెల్లగా అడిగింది. ఆమె పెదవి చిట్లి ఉంది.

"అక్కా, ఎడపల్లిల దిగుతవా? గీ కత్తెర నా దోస్తుది, ఆమెకు ఇస్తవా? బస్టాండ్ ఎనక మొదటి ఇల్లు. ఇద్దరం ఒక్కింట్ల బీడీలు చుట్టుకుంట బతికినం. ఆమె అన్నలు గుంజుకపోయిండ్రు. నన్ను ఊర్లకు రానిస్తలేరు."

తీసుకున్నాను. మా పనిలో ఎవరి కత్తెర వాళ్ల చేతికే అలవాటు. ఇంకొకరిదైతే బీడీ చుట్టే తునికాకు సరిగా తెగదు.

ఇంతలో వెనక సీటామె ఆమెను గుర్తుపట్టి అరిచింది.

"ఓ అక్కా! అది ఆడిదాన్ని పెండ్లాం లెక్క ఉంచుకున్నది. నువ్వు రాయబారం మోస్తున్నవా? నీగ్గూడ గదే రోగమా?"

బస్సంతా నవ్వింది.

"ఇద్దరాడోళ్లు కలిసి బతికితే నీ గంజేం ఒలికింది?" అన్నాడు ఒక ముసలాయన.

"నీ బిడ్డ గట్ల జేస్తే తెలుస్తుండె, తాతా!"

ఆయన తల దించుకున్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను కత్తెరను కిటికీలోంచి చెరకు తోటలోకి విసిరేశాను. చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నాకు హాయిగానే అనిపించింది.

పక్కనున్న ఆమె "ఆపన్నా" అని కండక్టర్‌ను బతిమాలి దిగింది. నిలువెత్తు చెరకులో వంగి వెతుకుతుంటే బస్సు కదిలింది.

మీ ఇల్లు చల్లగుండాలి. మీ ఇంట్లో ఎవరి జతనూ ఎవరూ గుంజుకుపోవద్దు. మీ బిడ్డలు బస్సెక్కితే, పక్క సీట్లో నాలాంటిది కూర్చోవద్దు.