సమీనా చేయి ఎత్తగలిగిన లెన్సు

నవంబరు 17, సోమవారం, కరీంనగర్. అద్దెకు తెచ్చిన రెండు లెన్సుల్లో ఏది కొంటామో ఈ సాయంత్రం ఆరింటిలోగా దుకాణంలో చెప్పాలి. చెప్పేముందు నిన్నటి ప్రయాణం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఉట్నూరు దారిన ఫొటోల కోసం వెళ్లాలనుకునేవారికి కూడా పనికొస్తుంది.

మా అమ్మాయి కూతురు సమీనాకు ఇరవై నాలుగేళ్లు. అమ్మమ్మనైన నన్ను నానీ అంటుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసేది. మార్చిలో స్కూటీ మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరిగింది, లోపల ప్లేటు వేశారు. కెమెరాను పట్టేది కుడి చేయే అయినా, లెన్సు బరువు మోసేది ఎడమ అరచేయి. ఎనిమిది నెలలు కెమెరా ముట్టలేదు. పాతది బరువని అమ్మి, తేలికైన మిర్రర్‌లెస్ బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, కొన్నాం. పెళ్లిళ్లు వద్దు, ఊళ్లు తిరిగి తీస్తానంది. "ఒక్క ప్రయాణం చేసి చూస్త నానీ. చెయ్యి ఒప్పుకోకపోతే ఇది గూడ అమ్మి ఏదన్న ఆఫీసుల చేర్త" అని శనివారం చెప్పింది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, కాబట్టి లెన్సుల పట్టిక గీశాను. ధర, బరువు, ఎంత దూరం చూస్తుంది, తక్కువ వెలుతురులో పనిచేస్తుందా, వాన తట్టుకుంటుందా అని ఐదు గడులు. అన్నీ కలిపితే 18–300 జూమ్ గెలిచింది. ఊరికీ అడవికీ అదొక్కటే చాలు, లెన్సు మార్చే పనిలేదు, దుమ్ము లోపలికి పోదు. రోజు అద్దె తొమ్మిది వందలు. సమీనా మాత్రం 23 ఎం.ఎం. చిన్న లెన్సు కూడా కావాలంది. దానికి జూమ్ లేదు, మనమే నడిచి దగ్గరికి వెళ్లాలి. నేను దండగన్నాను. తన డబ్బుతోనే నాలుగు వందలిచ్చి తెచ్చుకుంది.

ఉదయం ఐదింటికి బయలుదేరాం. కారు రానుపోను డీజిల్‌తో సహా మూడు వేల ఎనిమిది వందలు. డ్రైవరు రాజయ్య మాకు తెలిసినవాడే. ఆరున్నరకు రాయపట్నం వంతెన దాటి, కారు పక్కకు ఆపించి దిగాం. గోదావరి మీద మంచు, అందులో తెప్ప మీద వల తీస్తున్న ఇద్దరు. సమీనా జూమ్ ఎత్తింది. బాడీ నాలుగు వందల ఎనభై గ్రాములు, లెన్సు ఆరు వందల ఇరవై. నాలుగు నిమిషాలు గడవకముందే మణికట్టు వణకడం నాకు కనిపించింది.

"తుపాకి పట్టినట్టు పట్టకు బిడ్డా, జర వంతెన గోడకు ఆనిచ్చు" అన్నాడు రాజయ్య.

ఆనించినా లాభం లేకపోయింది. తీసిన ఫొటోలన్నీ చెదిరాయి. ఆమె ఒక్కొక్కటే చూసి చెరిపేసింది. "బస్, ఇగ చాలు నానీ. అమ్మేద్దాం."

"ముందు మూత సరిగ్గా పెట్టు, మంచు పడుతోంది" అన్నాను.

లక్సెట్టిపేటలో టీ, ఇడ్లీ ముగ్గురికీ నూట యాభై. ఆమె ఇడ్లీ ముట్టలేదు. జన్నారం దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు అడవి. మధ్యలో బండి ఆపవద్దని చెక్‌పోస్టు దగ్గర చెప్పారు. ఆపమని ఆమె అడగనూ లేదు.

పదిన్నరకు ఉట్నూరు ఇవతల ఒక ఊళ్లో వారపు అంగడి కనిపించింది. రాజయ్య మమ్మల్ని అడగకుండానే ఆపి, "ఉల్లిగడ్డ కొనాలె, మీరు గూడ దిగుండ్రి" అన్నాడు. సమీనా చిన్న లెన్సు బిగించుకుని దిగింది. టార్పాలిన్ పరదా నీడలో ఒకామె వెదురు బుట్ట అల్లుతోంది. పేరు లచ్చుబాయి. సమీనా ఆరడుగుల దూరంలో నిలబడి కెమెరా ఎత్తింది.

"దూరంకెళ్లి ఏం తీస్తవ్? పని నా చేతులల్ల ఉన్నది, మొఖంల లేదు. గీడ కూసో" అంది ఆమె. సమీనా మణికట్టు మీద కుట్ల గీత చూసి, "చెయ్యికేమైంది బిడ్డా?" అని అడిగింది.

"బండి మీదికెళ్లి పడ్డ అవ్వా."

"మోకాలు మీద పెట్టుకో మరి. నేను గంతే చేస్త."

నిజమే, బుట్ట బరువంతా ఆమె మోకాళ్ల మీదే ఉంది. సమీనా నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆనించింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

"గా పోలీసామె ఎవలు?"

"మా నానీ. టీచరు."

"గట్లనా! జర నవ్వుమను. బుట్టలు కొనేటోళ్లు బెదిరి పోతుండ్రు."

సమీనా నవ్వింది. నలభై నిమిషాలు ఫొటోలు తీసింది. మధ్యలో రెండుసార్లు చేయి దించి వేళ్లు ముడిచి తెరిచి, మళ్లీ మొదలుపెట్టింది. నొప్పి లేదని నేననను. తిరిగి వస్తుంటే కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. జూమ్ ఇవ్వనా అన్నాను. "ఉండనీ నానీ, ఊకనే చూద్దాం" అంది. ఒడిలో కెమెరా పెట్టుకుని లక్సెట్టిపేట దాకా బుట్ట ఫొటోలే చూసుకుంది. అక్కడ నాలుగు ఇడ్లీలు తింది.

నా కూడిక తప్పు కాదు, పట్టిక తప్పు. లెన్సు బరువు గ్రాములతో సహా రాశాను కానీ అది మోసే చేతిని రాయలేదు. చిన్న లెన్సుతో పక్షులు రావు, అవతలి ఒడ్డు రాదు. దగ్గర కూర్చోనిచ్చే మనుషులు మాత్రం వస్తారు. తన చేతికి ఏది సరిపోతుందో ఆమెకు నాకంటే ముందే తెలుసు, నేనే వినలేదు. కొనేవారికి ఒక్క మాట: కొనేముందు ఒక రోజు అద్దెకు తీసుకోండి. బాడీకి బిగించి, మీరు ఫొటో తీసే భంగిమలో పది నిమిషాలు ఎత్తి పట్టుకోండి. వణికితే, ఎంత మంచి లెన్సయినా అది మీది కాదు.

ఇక జరగవలసినవి:

1. ఈ సాయంత్రం జూమ్ వాపసు ఇవ్వాలి, చిన్నది కొనాలి.
2. సమీనా నిన్న చేతి వ్యాయామం మానేసింది. ఈ రోజు నుంచి రెండు పూటలా చేయాలి. సాకులు వినను.
3. బుట్ట ఫొటోల్లో మంచిది ప్రింటు వేయించి, వచ్చే ఆదివారం లచ్చుబాయికి ఇవ్వాలి.
4. ఇవ్వడానికి సమీనా ఒక్కతే బస్సులో వెళ్తుంది. కెమెరా సంచి తనే మోస్తుంది. నేను ఇంట్లోనే ఉంటాను.