మానిటర్లో కోడిపెట్ట

పుంగనూరు నుంచి కుప్పం పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఆమె ఒళ్లో పాత కంప్యూటర్ మానిటర్. లోపలి సామానంతా పీకేసి, గడ్డి పరిచి, అద్దం ఉండాల్సిన చోట వల కట్టింది. ఆ వల వెనక ఒక కోడిపెట్ట టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా దర్జాగా కూర్చుంది. డ్రైవరుతో సహా బస్సంతా దాన్నే చూస్తోంది.

"కాలేజీవోళ్లు పారేసింటే తెచ్చుకున్నా. ఈ పెట్ట దీంట్లో తప్ప ఇంగ యాడా గుడ్డు పెట్టదప్పా. అందుకే కూతురింటికి డబ్బాతోనే తీస్కపోతాండా," అందామె.

నాకు కడుపు మండిపోయింది. కథలు రాద్దామని నేను కొన్న కంప్యూటరు మదనపల్లెలో మా ఇంట్లో పూలగుడ్డ కప్పుకుని మహారాణిలా ఉంది. అది చెడిపోయేదాకా దాంట్లో నేను ఒక్క కథా పూర్తి చేయలేదు.

గంగవరం దాటగానే కోడి అరిచింది. గుడ్డు పెట్టేసింది. బస్సులో ఈలలు, చప్పట్లు.

"మీ ఇంట్లో ఇట్లాంటి పాతది ఉంటే ఇయ్యప్పా. ఇంకో పెట్ట ఉండాది."

"మాది బాగా పనిచేస్తాందమ్మా," అన్నాను.

ఆమె నమ్మింది. సంతోషపడి, ఆ వెచ్చటి గుడ్డు నా చేతిలో పెట్టి దిగిపోయింది.

మర్నాడు ఇంట్లో ఆ గుడ్డుతో అట్టు వేయించుకున్నాను. రుచిగానే ఉంది. కోడిని మాత్రం నేటికీ క్షమించలేదు.